సగం దారిలో గీత

పంతొమ్మిదేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను
వ్యుత్క్రమ జాలకం.
పేరు పలికేసరికే వెనక బెంచీ నిద్రలోకి జారుతుంది.
చుక్కలు పెడతాను. చుక్కకీ చుక్కకీ నడుమ
సరిగ్గా సగం దూరంలో అడ్డగీత.
గీతలన్నీ కలిసి మూసిన చోటు మొదటి జోన్.
రాసుకోండి, అయిదు మార్కులు.
నేనెన్నడూ చూడలేదు దాన్ని.
చూపించమని ఎవరూ అడగలేదు.

నల్లగొండ బస్టాండుకు నారాయణపురం బస్సు
ఆ రోజూ వేళకు రాలేదు.
కరెంటు పోయింది.
లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఒక్క దీపం మాత్రం
ఏ ఇన్వర్టరు పుణ్యానో వెలుగుతోంది.
తిరందాసు భాగ్యలత, ఫైనలియరు, పుట్టపాక,
మెడలోని పట్టు చున్నీ కంటికి అడ్డం పట్టుకొని
"సార్, గిటు రాండ్రి" అంది.
"ఒక్క దీపం ఎన్నయిందో సూడుండ్రి."

చూశాను.
నడుమ ఒక వెలుగు. నాలుగు దిక్కులా చిన్న వెలుగులు,
మూలల్లో ఇంకా చిన్నవి,
ఎవరో చీకట్లో ముగ్గుకు చుక్కలు పెట్టి
గీతలు మరిచి లేచిపోయినట్టు.
చున్నీ తిప్పింది. చుక్కలు తిరిగాయి.
పక్కకు సాగదీసింది. దారాలు ఎడమయ్యాయి,
చుక్కలేమో దగ్గరకు జరిగాయి.
"ఇగ మీ కర్చీఫుతోని సూడుండ్రి.
ముతకది గద, అన్ని ఇరుకిరుకు."

సన్ననేతకు చుక్కలు దూరదూరం,
ముతకనేతకు ఇరుకు.
తలకిందుల లెక్క. అదే. ఆ పేరున్నదే.
పంతొమ్మిదేళ్ల చాక్‌పీసు పొడి
ఒక్కసారిగా గొంతులో అడ్డం పడింది.

"మరి నిషిద్ధం అని రాయించిన్రు గద సార్,
ఆ నడిమి జాగ. ఎవలు నిషేధించిన్రు?"

పుస్తకంలోదే చెప్పాను.
గీత దగ్గరికొచ్చిన అల వెనక్కి మళ్లుతుంది,
పోయే అలా వచ్చే అలా కలిసి
కదలకుండా నిలబడతాయి.
నిలబడటం రెండు తీర్లు:
అణువుల మీద, లేదా అణువుల సందుల్లో.
రెండింటికీ ఖరీదు వేరు.
ఆ రెండు ఖరీదుల మధ్య ఎవరూ కాపురముండరు.

కాసేపు ఏమీ అనలేదు.
పల్లీలమ్మే ఆయన మా ముందు నుంచి రెండుసార్లు పోయాడు.
"చిటికి కట్టినట్టే" అంది.
"గట్టిగ కట్టిన కాడ రంగెక్కది సార్.
రంగు తక్కువై గాదు, దారం చెడ్డదై గాదు.
కట్టున్నది, గంతే.
విప్పినంక ఆ తెల్లగ మిగిలిందే పువ్వు."

మగ్గాల సంగతీ చెప్పింది.
తెల్లారుజామున ఒక్కటే మోగితే
అది ఫలానా ఇంటిదని పండుకొనే చెప్తదట.
వాడ మొత్తం మొదలైనాక
ఏ చప్పుడు ఎవరిదో తెల్వదు,
కిందికెళ్లి మీది దాకా ఒకటే మోత.
ఒంటరి అణువుకు మెట్లు, గుంపుకు పట్టీలు
అని నేను చెప్పబోయేలోపు
బస్సొచ్చింది. కిటికీలోంచి టవలేసి సీటాపుకొని
జనంలో కలిసిపోయింది.

ఇంటర్నల్ పరీక్షలో ఇలా రాసింది:
"నా చుక్క నుంచి పక్క చుక్కకు పోయే తొవ్వల
సగం నాది, సగం వాళ్లది. సగం కాడ గీత.
గీత దాటితే కొత్త ఊరు రాదు.
ఎదురు పొలిమేర నుంచి
మళ్ల మన ఊర్లకే వస్తం."

ఎర్ర పెన్ను ఆ పేరా మీద చాలాసేపు ఆగింది.
నాలుగిచ్చాను.
బొమ్మ గీయలేదు మరి. చేతికి అలవాటు.

ఇప్పుడు కరెంటు పోతే చాలు
చీకట్లో జేబులు తడుముకుంటాను.
అగ్గిపెట్టె పొయ్యి పక్కనుందంటుంది మా ఆవిడ.